చుక్క జారింది... తూకం తగ్గింది!

మన దగ్గర చుక్క. జర్మనీలో కామా. కువైట్‌లో చుక్క తర్వాత మూడంకెలు. రాసింది ఒకటే అయినా చదివే ఊరు మారితే విలువ మారిపోతుంది. మనుషులకు అనుమానం వస్తే అడుగుతారు. కంప్యూటర్ అడగదు. తనకు తెలిసినట్టు చదివేసుకుంటుంది, లెక్క కట్టేస్తుంది!

చొప్పదండిలో ఓ రైతు ఉన్నాడనుకుందాం. కొడుకు పై చదువుకు జర్మనీ వెళ్లాడు. కరీంనగర్ జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఈరోజుల్లో వెతుక్కోవాల్సినవేం కావు. ఒకప్పుడు దుబాయ్, మస్కట్‌లకు పోయిన ఊళ్ల నుంచే ఇప్పుడు బెర్లిన్, మ్యూనిక్‌లకూ పోతున్నారు. ఆ కుర్రాడు తండ్రికి సాయంగా ఉంటుందని కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రామొకటి రాసిపెట్టాడు. కాంటా అయిన వడ్ల బరువు, ఆ ఏటి మద్దతు ధర కొడితే చాలు. ఎంత రావాలో పైసలతో సహా లెక్కగట్టి చీటీ తయారుచేస్తుంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు రాశాడు, ఇంట్లోనే నడిపి చూశాడు. భేషుగ్గా పనిచేసింది.

మళ్లీ కోతలొచ్చాయి. కుర్రాడు జర్మనీలో ఉన్నాడు. తండ్రి ఫోన్‌లో బరువు చెప్పాడు. 62 క్వింటాళ్ల 73 కిలోలు. ధర 2024-25లో 'ఎ' గ్రేడు వరికి కేంద్రం ప్రకటించిన 2,320 రూపాయలు. కొడుకు అక్కడ కొన్న కొత్త కంప్యూటర్‌లో అదే ప్రోగ్రాము మీద నొక్కాడు. చీటీ వచ్చింది. వాట్సప్‌లో పంపాడు. అయిదు నిమిషాల్లో తిరిగి ఫోను!

''గీ చీటీల అరవై రెండే ఉన్నది. డెబ్బై మూడు కిలోలు యాడ పోయినయ్ బిడ్డా?''

''లేదు బాపూ, నేను సరిగ్గనే కొట్టిన...''

''మల్ల గదేంది? కంప్యూటర్ గుడ తరుగు తీస్తదా?''

తరుగు మాట చెబితే వడ్లు అమ్మిన రైతుకెవరికైనా మండుతుంది. బస్తాకింత అని తీసేసే ఆ కోత మీద ఏటా గొడవే. ఇక్కడ మాత్రం తీసింది మిల్లరూ కాదు, కాంటా దగ్గర నిలబడ్డ మనిషీ కాదు. చీటీలో బరువు దగ్గర '62,00' అని ఉంది. మొత్తం దగ్గర '1,45,533.60' ఉండాల్సిన చోట '145533,00' అని ఉంది. అంటే బరువులో 73 కిలోలు మాయం. డబ్బులో అరవై పైసలు మాయం. పైగా రెంటికీ పొంతన లేదు. 62ని 2,320తో హెచ్చవేస్తే వచ్చేది 1,43,840 మాత్రమే. కాగితం పెన్నూ తీసుకుని కూర్చునే తండ్రికి ఇది పట్టుకోవడం ఎంతసేపు!

ఈ తండ్రీకొడుకులు మనం అనుకున్నవాళ్లే. కంప్యూటర్ చేసిన పని మాత్రం అక్షరాలా నిజం. లినక్స్ ఉన్న కంప్యూటర్‌ని జర్మన్ పద్ధతికి మార్చి ఎవరైనా చేసి చూడొచ్చు.

ఏ దేశం మీది?

కొత్త కంప్యూటర్ మొదటిసారి తెరిచినప్పుడు అదో ప్రశ్న అడుగుతుంది. ఏ దేశం, ఏ భాష అని. మనం పెద్దగా పట్టించుకోకుండా ఏదో ఒకటి నొక్కేస్తాం. ఆ ఒక్క నొక్కుతో చాలా విషయాలు తేలిపోతాయి. తేదీ ఎలా రాయాలి, డబ్బుకు ఏ గుర్తు పెట్టాలి, పేర్లను ఏ వరసలో పేర్చాలి... వీటితో పాటే పూర్ణాంకానికీ భిన్నానికీ మధ్య ఏ గుర్తు పెట్టాలి అన్నదీ. కంప్యూటర్ వాళ్లు ఈ మొత్తాన్నీ కలిపి 'లొకేల్' అంటారు. ఊరి ఆచారం అనుకోండి!

ఇండియా అంటే చుక్క. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, రష్యా, బ్రెజిల్, ఇండొనేసియా అంటే కామా. జర్మనీ వాళ్లు మనం కామా పెట్టే చోట చుక్క పెడతారు. మన 1,250.50 వాళ్లకు 1.250,50. సరిగ్గా తిరగేసినట్టు! ఫ్రెంచి వాళ్లు వేల దగ్గర ఖాళీ వదులుతారు. స్విట్జర్లాండ్‌లో అక్కడ పైన చిన్న కొమ్ములాంటి గుర్తు పెడతారు.

మన కుర్రాడు రాసినదాన్ని 'షెల్ స్క్రిప్ట్' అంటారు. పేరు చూసి కంగారుపడక్కర్లేదు. పెళ్లింట్లో పెద్దాయన పొద్దున్నే రాసిచ్చే పనుల చిట్టా లాంటిదే. ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి, వచ్చినదాన్ని ఫలానావాడికి అప్పజెప్పు... అంతే. ఒక్కో పనినీ ఒక్కో చిన్న పనిముట్టు చేస్తుంది. చిక్కంతా ఆ పనిముట్లతోనే. అన్నీ ఒక ఇంట్లోనే ఉంటాయి గానీ అన్నింటిదీ ఒకే ఆచారం కాదు.

హెచ్చవేతలు చేసేది 'బీసీ' అనే పనిముట్టు. దీనికి ఏ దేశమైనా ఒకటే, చుక్క తప్ప మరోటి ఎరగదు. కామా ఇస్తే అర్థం కాలేదని మొండికేస్తుంది. జవాబును రెండు దశాంశాలకు సర్ది అందంగా అచ్చువేసేది 'ప్రింట్ఎఫ్'. ఇది మాత్రం ఊరి ఆచారం తు.చ. తప్పకుండా పాటిస్తుంది. జర్మనీ అని చెప్పాక దానికి కామాయే కావాలి. బీసీ చుక్కతో తెచ్చిన 145533.60 చూసి ఏం చేస్తుంది? చుక్క దాకా చదువుతుంది. ఆ తర్వాతది తన లెక్క ప్రకారం అంకె కాదు. కాబట్టి అక్కడ ఆగిపోయి, చదివినంత వరకే అచ్చేస్తుంది. 145533,00!

'ఇది సరైన సంఖ్య కాదు' అని అది ఓ మాట చెబుతుంది కూడా. కానీ ఆ మాట వచ్చేది నల్ల తెర మీద. మన కుర్రాడు దాన్ని తెరిస్తేగా? అతను డెస్క్‌టాప్ మీది బొమ్మ నొక్కి పని కానిచ్చాడు. ఫిర్యాదు ఎవరికీ వినపడకుండా పోయింది, తప్పు లెక్క మాత్రం చీటీకెక్కింది. ప్రోగ్రాము మొత్తంగా ఆగిపోయి ఉంటే ఇంత ప్రమాదం లేదు. నిక్షేపంలా నడిచి, చీటీ ఇచ్చి, పైసలు మింగేయడమే దీనిలోని దగా.

ఈ గొడవ కుర్రకారుకే అనుకోకండి. కాకలు తీరిన వాళ్లూ ఇక్కడ కాలు జారారు. 'ఆక్' అని మరో పాత పనిముట్టుంది. వరసల్లో ఉన్న లెక్కల్ని చకచకా కూడేస్తుంది. బయటి నుంచి వచ్చే అంకెల్ని ఊరి ఆచారం ప్రకారమే చదవాలని ప్రమాణ గ్రంథం చెబుతోంది కదా అని, దాని గ్నూ రూపం తయారుచేసినవాళ్లు ఓసారి అక్షరాలా అలాగే చేశారు. యూరప్‌లో వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. మా ఆచారం కామాయే గానీ మా ఫైళ్లలో ఉన్నవి చుక్కలు మహాప్రభో అని! చివరికి మళ్లీ చుక్కకే వచ్చారు. కామా కావాలన్నవాళ్లు విడిగా అడిగి పెట్టుకోవాలి. ఈ కథంతా ఆ పనిముట్టు వాడకం పుస్తకంలోనే రాసుకున్నారు. తప్పు ఒప్పుకోవడంలో ఆ నిజాయతీ నాకు నచ్చింది.

మే 12న ఎన్ని కిలోలు?

లినక్స్ మా ఇంట్లో లేదు, మాకేం భయం లేదు అంటారా? ఎక్సెల్ ఉందిగా! జర్మన్ పద్ధతి పెట్టిన కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి ఒక గడిలో 12.5 అని కొట్టి చూడండి. పన్నెండున్నర కనిపించదు. 'మే 12' అని తేదీ ప్రత్యక్షమవుతుంది! వాళ్లు తేదీని రోజు, చుక్క, నెల అని రాస్తారు మరి. కూలీ పన్నెండున్నర గంటలు చేశాడని రాస్తే మే నెలలో చేశాడని అది అర్థం చేసుకుంటుంది.

దీనికన్నా గల్ఫ్ లెక్క ఇంకా తమాషా. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లలో ఈ సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. దుబాయ్ దిర్హంకు వంద ఫిల్సులు. సౌదీ రియాల్‌కు వంద హలాలాలు. కువైట్ దినార్‌కు, బహ్రెయిన్ దినార్‌కు మాత్రం వెయ్యేసి ఫిల్సులు. ఒమన్ రియాల్‌కూ వెయ్యి బైసాలు. అందుకే అక్కడ దుకాణాల్లో ధర చుక్క తర్వాత మూడంకెలతో ఉంటుంది. 1.250 అంటే దినారు పావు. అదే 1.250ని జర్మన్ కంప్యూటర్ ముందు పెట్టండి. చుక్క వేలను విడదీసే గుర్తనుకుని పన్నెండు వందల యాభై అని చదువుతుంది. ఒక్క దినారు పావు కాస్తా వెయ్యి రెట్లు!

ఇంకో ముచ్చట. కువైట్ నోటు మీద అరబ్బీ అంకెలు ఎప్పుడైనా గమనించారా? అక్కడ సున్నాను చుక్కలా రాస్తారు. మనం సున్నా అనుకునే గుండ్రం వాళ్లకు అయిదు! కాబట్టి అరబ్బీలో భిన్నం దగ్గర చుక్క పెట్టే వీలే లేదు. వాళ్లకు కామాను పోలిన గుర్తు విడిగా ఉంది.

ఎవరు పెట్టారీ చిచ్చు?

దశాంశాల్ని యూరప్‌లో బాగా ప్రచారం చేసింది సైమన్ స్టెవిన్ అనే ఫ్లెమిష్ పండితుడు. 1585లో చిన్న పుస్తకం వేశాడు. సర్వేయర్లు, బట్ట కొలిచేవాళ్లు, వర్తకులు అందరికీ పనికొస్తుందన్నాడు. ఆయన చుక్కా పెట్టలేదు, కామా పెట్టలేదు. ప్రతి అంకె పక్కనా దాని స్థానమెంతో చుట్టగీసి చూపించాడు. అది చేత్తో రాయాలంటే తాతలు దిగొస్తారు. లాగరిథమ్స్‌తో మన ఇంటర్ పిల్లల్ని భయపెట్టే స్కాట్లండ్ పెద్దమనిషి జాన్ నేపియర్ 1617లో ఇంకో పుస్తకంలో తేలిక దారి చెప్పాడు. చుక్క గానీ కామా గానీ పెట్టుకోండని! ఏదో ఒకటే ఖాయం చేసి ఉంటే మనకు ఈ వ్యాసం అవసరం ఉండేది కాదేమో.

ఇంగ్లండ్ చుక్క వైపు మొగ్గింది. జర్మనీ గణిత దిగ్గజం లైబ్‌నిజ్‌కు గుణకారానికి వాడే ఇంటూ గుర్తు ఎక్స్ అక్షరంలా కనిపించి చిరాకు పుట్టింది. ఆ పనికి చుక్క వాడతానని 1698లో మిత్రుడికి ఉత్తరం రాశాడు. గుణకారానికి చుక్క పెట్టేచోట భిన్నానికి కామా ఉంటేనే సుఖం కదా. ఇంగ్లిషువాళ్లు పాలించిన చోట్లకు చుక్క, మిగతా యూరప్ దేశాలు ఏలిన చోట్లకు కామా చేరాయి. మనకు చుక్క వచ్చిన దారి అదే.

కొలతల సంగతి చూసే అంతర్జాతీయ మహాసభ 2003లో ఈ తగువు తీర్చబోయింది. తీర్పేంటంటే... చుక్కయినా సరే, కామా అయినా సరే! నాలుగొందల ఏళ్ల తర్వాత మళ్లీ నేపియర్ మాటే. అయితే దాంతోపాటు ఇంకోటి చెప్పారు. పెద్ద సంఖ్యల్ని మూడేసి అంకెలుగా విడదీసేటప్పుడు మధ్యలో ఖాళీ వదలొచ్చు గానీ చుక్కా వద్దు, కామా వద్దు అని. ఆ లెక్కన లక్షకూ కోటికీ మనం పెట్టే కామాలన్నీ తప్పే. ఎవరు మానారు?

మన పెద్దలకు చుక్కతో పనిలేదు

అసలు మన నోటికి ఈ చుక్క ఎప్పుడైనా అలవాటైందా? చొప్పదండి అంగట్లో కూరగాయలు కొనేవాళ్లు 'జీరో పాయింట్ టూ ఫైవ్ కిలో' అనడం ఎవరైనా విన్నారా? పావుకిలో, అద్దకిలో, అద్దపావు, కిలన్నర. ధర దగ్గరికొస్తే చారాణా, ఆఠాణా, బారాణా. పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. 'చారాణా కోడికి బారాణా మసాలా' మాత్రం ఇంకా చెల్లుతూనే ఉంది!

పాత తెలుగు లెక్కల్లో భిన్నాలకు విడిగా గుర్తులుండేవి. నిలువు గీతలైతే పావులు. ఒకటుంటే పావు, రెండుంటే అర, మూడుంటే ముప్పావు. అడ్డగీతలైతే పావులో పావు, అంటే వీసాలు. గీత ఏ వైపు ఉందో చూస్తే స్థానం తెలిసిపోతుంది. మధ్యలో చుక్కతో గానీ కామాతో గానీ పనేముంది! ఈ గుర్తులు వాడుకలోంచి ఎప్పుడో పోయాయి. అయినా 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో వాటికి చోటిచ్చారు. ఇప్పుడు కంప్యూటర్‌లో రాసుకోవచ్చు.

నిజాం ఏలుబడిలో కరీంనగర్ జిల్లాకు హాలీ సిక్కా ఉండేది. బయటి నుంచి వచ్చే కల్దారు రూపాయలు ఆరిస్తే ఏడు హాలీ రూపాయలు. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. ఖాతాల్లో అయిదు రూపాయల ఎనిమిదణాల ఆరు పైలు అంటే 5-8-6 అని అడ్డగీతలతో రాసేవాళ్లు. 1957 ఏప్రిల్ 1న దేశమంతా నయాపైసలొచ్చాయి. రూపాయికి వంద. అణాకు లెక్క ప్రకారం ఆరుంపావు నయాపైసలు రావాలి. పావు నాణెం ఎక్కణ్నుంచి తెస్తారు? అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక వేశారు. అణా అణాగా నాలుగుసార్లు మార్చుకుంటే 24, ఒక్కసారే మార్చుకుంటే 25! భిన్నం ఒక పద్ధతిలోంచి ఇంకోదాన్లోకి మారేటప్పుడు ఎక్కడో ఓ చోట పైసా జారడం అప్పుడూ ఉంది. హాలీ సిక్కా 1959 దాకా ఊపిరి నిలుపుకుంది. అంటే రెండేళ్లపాటు మన తాతలు హాలీ, అణాలు, నయాపైసలు మూడింటినీ బుర్రలో పెట్టుకుని బేరాలాడారు. వాళ్లకు లొకేల్ గురించి మనం చెప్పేదేం లేదు.

మందేంటి?

మళ్లీ మన కుర్రాడి దగ్గరికొద్దాం. ఈ జబ్బుకు కంప్యూటర్ వాళ్లు మొదట చెప్పే మందు ఒక్క లైను. చిట్టాకు పైన 'ఎల్‌సీ_ఆల్=సి' అని పెట్టమంటారు. అంటే ఊరి ఆచారాలన్నీ పక్కనపెట్టు, కంప్యూటర్ల మూల పద్ధతిలో నడువు అని ఆజ్ఞ. చుక్క తిరిగొస్తుంది. 73 కిలోలూ తిరిగొస్తాయి.

కానీ ఈ మందు తెలుగువాడికి పూర్తిగా సరిపడదు. మూల పద్ధతికి ఇంగ్లిషు అక్షరాలే తెలుసు. 'చొప్పదండి' అన్న పేరు మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతాలూ ఒత్తులూ సున్నా విడివిడిగా తీస్తే తొమ్మిది. మూల పద్ధతిలోకి వెళ్తే ఒక్కోదానికి మూడేసి చొప్పున ఇరవై ఏడు! చీటీలో ఊరి పేరు, రైతు పేరు వరసగా పేర్చమంటే గళ్లు అడ్డదిడ్డంగా జరిగిపోతాయి. అంకెల కోసం అక్షరాల్ని పాడుచేసుకోవడం ఎందుకు? 'ఎల్‌సీ_న్యూమరిక్=సి' అంటే అంకెల ఆచారం ఒక్కటే మారుతుంది, మిగతావి ఉన్నట్టే ఉంటాయి. అయితే ఎల్‌సీ_ఆల్ అన్నది ముందే ఎక్కడైనా పెట్టి ఉంటే దాని మాటే నెగ్గుతుంది, న్యూమరిక్ మాట చెల్లదు. దాన్ని ముందు తీసేయాలి. ఇంట్లో అత్తగారి మాటలా అనుకోండి!

ఇది కంప్యూటర్ రాసే అంకెల సంగతి. మనుషులు కొట్టే అంకెలు ఇంకో తలనొప్పి. జర్మనీ మిత్రుడికి ఈ ప్రోగ్రాము ఇస్తే అతను అలవాటుకొద్దీ 62,73 అని కొడతాడు. కామా కనిపిస్తే చుక్కగా మార్చెయ్ అని చిట్టాలో ఓ లైను చేర్చితే సరి. అక్కడివాళ్లు మామూలుగా చేసే పనే. అదే లైను చొప్పదండిలో నడిపారనుకోండి. తండ్రి 1,45,533 అని కొడతాడు. అది 1.45.533 అయి కూర్చుంటుంది! తెలుగుకు ముందు మూడంకెలు, ఆపైన రెండేసి చొప్పున విడదీయాలని యూనికోడ్ సంస్థ నడిపే లొకేల్ భాండాగారంలో స్పష్టంగా నమోదై ఉంది. మన కామా తీసిపారేయాల్సిన కామా. వాళ్ల కామా చుక్కగా మార్చాల్సిన కామా. చూడ్డానికి రెండూ ఒకటే. కాబట్టి గుడ్డిగా మార్చకుండా ముందు ఇక్కడ ఏ ఆచారం నడుస్తోందని కంప్యూటర్‌నే అడగాలి. 'లొకేల్ డెసిమల్_పాయింట్' అని కొడితే చుక్కో, కామానో అదే చెబుతుంది. ఆ జవాబును బట్టి తీసేయడమా, మార్చడమా తేల్చుకోవచ్చు.

అనుభవమున్నవాళ్లు పాటించే పద్ధతి ఇంకోటుంది. లోపల దాచే లెక్కలన్నీ ఒకే పద్ధతిలో, చుక్కతో దాచడం. మనిషికి చూపించే చివరి ఘడియలో మాత్రమే అతని ఊరి వేషం వేయడం. తెలుగింట్లో 1,45,533.60, జర్మన్ ఇంట్లో 145.533,60. లోపల ఉన్నది ఒకటే. ఫైలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయేటప్పుడు వేషం వేసినదాన్ని పంపకూడదు, లోపలిదే పంపాలి. తిప్పలన్నీ ఈ ఒక్కటి మరిచిపోయినప్పుడే.

ఇవన్నీ కుర్రాడు రాత్రంతా కూర్చుని నేర్చుకుని, పొద్దున్నే ఫోన్ చేసి తండ్రికి వివరించబోయాడనుకుందాం. చుక్క, కామా, లొకేల్... తండ్రి ఓపిగ్గా విన్నాడు.

''గదంత నాకెందుకు కొడుకా. క్వింటాళ్లు, చుక్కలు ఏందుకు? కిలోలల్ల రాసుకోరాదు? ఆరువేల రెండొందల డెబ్బై మూడు కిలోలు. గా చుక్కనే ఉండదు గద!''

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. షెల్‌కు సొంతంగా చేతనైనవి పూర్ణాంకాల లెక్కలే. భిన్నాల కోసమే బీసీని పిలవాల్సి వచ్చింది. బరువు కిలోల్లో, డబ్బు పైసల్లో పెడితే బీసీ అక్కర్లేదు, చుక్క అక్కర్లేదు, ఏ దేశంలో నడిపినా ఒకటే జవాబు. డబ్బు లెక్కలు రాసే ప్రోగ్రామర్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదీ ఇదే. ధర క్వింటాలుకు 2,320 రూపాయలంటే కిలోకు 2,320 పైసలు. అంకె కూడా మారలేదు! 6,273 కిలోల్ని 2,320తో హెచ్చవేస్తే 1,45,53,360 పైసలు.

''మల్ల చీటీ ఎప్పుడు పంపుతవ్?'' అంది అవతలి గొంతు.